మూడు స్టేజీలు

డాక్టరు గడువు చెప్పినప్పుడు మా ఆయన నవ్వారు.

"ఏడు నెలలా? నా పెన్షన్ కాగితం ఒక బల్ల మీంచి పక్క బల్ల మీదకి పోవడానికే అంతకంటే ఎక్కువ పట్టింది డాక్టర్ గారూ."

డాక్టరు నవ్వలేదు. ఎక్స్‌రేని కవర్లో పెట్టి ఆయన వైపు కాకుండా నా వైపు తిరిగారు. "ఇక్కడి చలి ఇంకొకటి ఈ ఊపిరితిత్తులు తట్టుకోలేవమ్మా. ఈ ఏడు నెలల్లోనే, వచ్చే చలికాలం మొదలయ్యేలోపు, చలి తక్కువున్న ఊరికి మారిపోండి. దుమ్మూ పొగా లేని వీధి చూసుకోండి. రోజూ కాస్త నడిపించండి. నడక మానితే మాత్రం కష్టం," అన్నారు.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పాను. మా ఆయన అంతకంటే రెండేళ్ళు ఎక్కువ బస్సులో టికెట్లు కొట్టారు. మాకు పిల్లలు లేరు. ఎక్కడికి వెళ్ళాలన్నా ఇద్దరమే వెళ్ళాలి, ఏది తేల్చుకోవాలన్నా ఇద్దరమే తేల్చుకోవాలి. ఆ ఇద్దరిలో ఒకరు దేనికీ కాదనని మనిషి.

ఆ సాయంత్రం నోట్‌బుక్ తీసి గళ్ళు గీశాను. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. వీధికి ఒక పేజీ. ఆస్పత్రి దూరం, గాలి, చెమ్మ, దుమ్ము, చప్పుడు, నీళ్ళు, ఒక్కోదానికి పది మార్కులు. చివరి గడిలో 'ఆయనకు నచ్చిందా' అని రాసి దానికి ఇరవై పెట్టాను. ఆ మార్కులు ఆయన్ని అడిగి వేసేవి కావు. ఏది అడిగినా "నీ ఇష్టం టీచరమ్మా" అంటారు. నేను చూసి వేయాలి. క్లాసులో పిల్లలు అర్థమైందంటే ఏనాడూ నమ్మలేదు, మొహాలు చూసేదాన్ని. మొహం చదవడం నాకు బాగా వచ్చనుకునేదాన్ని.

ఊరిని ఎంచుకోవడం తేలికగానే అయింది. అటు చలీ ఇటు ఎండా రెండూ తక్కువైన ఊరు, ఒక పెద్దాస్పత్రి, రైలు సదుపాయం. వీధి దొరకడమే గగనమైంది. నాలుగు నెలల్లో మూడు సార్లు వెళ్ళాం. వెళ్ళిన ప్రతిసారీ స్టేషన్ పక్క లాడ్జిలో దిగి, ఇళ్ళు చూపించే ఆయన వెంట తిరిగేవాళ్ళం. ఆయన నడుముకు ఇన్ని తాళంచెవులు వేలాడేవి. మనిషి కంటే ముందు చప్పుడు వచ్చేది. మా ఆయన మొదటి రోజే ఆయనకు 'తాళాలు' అని పేరు పెట్టేశారు.

"ఏమయ్యా తాళాలూ, వీటిలో ఒక్కటైనా మా తలుపుది ఉందా?"

"ఉంటుంది సార్. అమ్మగారు ఒప్పుకోవాలి గానీ."

అమ్మగారు ఒప్పుకోలేదు. ఒక వీధి మొదట్లో రంపాల మిల్లు ఉంది. ఒక ఇంట్లో గోడకి చెయ్యి ఆనిస్తే చల్లగా చెమ్మ తగిలింది. ఒక ఇంటి కిటికీ పక్కింటి వంటింటి పొగలోకి తెరుచుకుంది. ఒకదానికి అన్నీ బాగున్నాయి గానీ, ఎదురుగా పునాదులు తవ్వుతున్నారు. ప్రతి పేజీ కిందా మొత్తం వేసి, కొట్టేసి, కొత్త పేజీ తిప్పేదాన్ని. మూడోసారి వెళ్ళేసరికి ఐదో నెల నడుస్తోంది. ఆయన చొక్కాలు భుజాల దగ్గర జారుతున్నాయి. రైలు దిగి ప్లాట్‌ఫారం దాటడానికి రెండు చోట్ల ఆగి, రైళ్ళ టైముల బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డారు. నాకు లోపల భయం గడ్డకట్టుకుపోతోంది. ఆ భయానికి నేను చేసిందల్లా గళ్ళు ఇంకా చిన్నవి చేసి, ఇంకా జాగ్రత్తగా నింపడం.

పద్దెనిమిదోది లైబ్రరీ వెనక వీధి. చాపలా సమంగా ఉంది. రెండు వైపులా నీడ. ఇల్లు చిన్నదే, రెండు గదులు. ఆస్పత్రి నాలుగు వీధుల అవతల. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నా పక్కనే నడిచారు. ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరినీ పలకరించలేదు. అరుగు మీద కూర్చున్న ముసలాయన "ఎవరు కావాలండీ?" అంటే కూడా చెయ్యి ఊపి ముందుకు వచ్చేశారు. వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చాం.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగానే ఉంది. నీ ఇష్టం."

ముప్పై మూడేళ్ళు బస్సు నిండా జనంతో మాట్లాడిన మనిషి. ఇంట్లో గ్యాసు బండ తెచ్చినవాడితో పావుగంట మాట్లాడే మనిషి. ఆ మనిషి ఇక్కడ నోరు విప్పలేదంటే, ఇక్కడ మనసు కుదరలేదన్నమాట. చివరి గడిలో ఇరవైకి రెండు వేశాను.

మర్నాడు పొద్దున వాటర్ ట్యాంక్ వీధికి వెళ్ళాం. మెయిన్ రోడ్డు మూల మీద ఒక కుట్టుషాపు, దాని పక్క నుంచి పైకి ఎత్తుగా వెళ్ళే వీధి, చివర నీళ్ళ ట్యాంకు, ట్యాంకు కింద ఆఖరి ఇల్లు. ఎత్తు చూసి నేను వద్దన్నాను. తాళాలు ఊరుకోలేదు. "ఒక్కసారి పైకి రండమ్మగారూ. దుమ్మనేది అక్కడిదాకా ఎక్కదు. గాలి చూడండి, మీరే అంటారు." ఎంత ఎత్తో చూద్దామని తాళాలతో పాటు నేను ముందు కదిలాను. నీళ్ళ పంపు ఎప్పుడొస్తుంది, డ్రైనేజీ ఎటు పోతుంది అని అడుగుతూ కొంత దూరం వెళ్ళి వెనక్కి చూస్తే, మా ఆయన ఇంకా కుట్టుషాపు దగ్గరే ఉన్నారు. మిషన్ ముందు కూర్చున్న ఆవిడతో ఏదో నవ్వుతూ మాట్లాడుతున్నారు.

మళ్ళీ చూసేసరికి మూడో గేటు దగ్గర మొక్కలకు నీళ్ళు పోస్తున్న పెద్దావిడతో మాట్లాడుతున్నారు. ఆ తర్వాత ఆరో గేటు దగ్గర సైకిళ్ళు బాగుచేసే మనిషి. గేటు మీద మోచెయ్యి ఆనించి, అతను చెప్పేదానికి తల ఊపుతూ వింటున్నారు. తొమ్మిదో గేటు దగ్గర ఒకావిడ ఆయనకు గ్లాసుతో మంచినీళ్ళు కూడా ఇచ్చింది. పైకి చేరడానికి అరగంట పట్టింది. వచ్చీ రాగానే, "ఆ సైకిళ్ళాయన మా డిపో డ్రైవర్ ఒకాయనకి బావమరిదిట," అన్నారు.

"వచ్చిన పూటే చుట్టరికాలు కలిపేశారే!" అన్నాను.

నవ్వు ఆపుకోలేకపోయాను. ఎన్ని నెలల తర్వాతో. మాట్లాడుతూ ఎక్కిన మనిషికి ఆయాసం ఏముంటుంది? ఎత్తుకి మూడు మార్కులు తీసేసి, చివరి గడిలో ఇరవైకి ఇరవై వేశాను. ఒక పేపర్లో నేను పూర్తి మార్కులు వేయడం అరుదు. లాడ్జి గదిలో మొత్తం వేసి నోట్‌బుక్ ఆయన ముందు పెట్టాను. ఆయన అంకెల మీద వేలు పెట్టి కిందిదాకా చూశారు. తర్వాత నా మొహం చూశారు.

"ఇదే ఖాయం చేసేదా?"

"నీ ఇష్టం టీచరమ్మా."

ఆరో నెల చివర్లో సామాను దింపాం. ఇల్లు వెలుతురుగా ఉంది. గాలి తాళాలు చెప్పినట్టే ఉంది. మొదటి వారం ఆయన రెండు సార్లు కిందికి వెళ్ళొచ్చారు. తర్వాత మానేశారు. "రేపు వెళ్తాలే," అనేవారు. రేపు వచ్చేది, ఆయన కిటికీ దగ్గరి కుర్చీలోంచి లేచేవారు కాదు. ఆస్పత్రికి ఆటోలో తీసుకెళ్ళి ఆటోలో తెచ్చేదాన్ని. ఇక్కడి డాక్టరు కూడా అదే అడిగారు. "నడుస్తున్నారా?" మా ఆయన "ఆహా" అన్నారు. నేను "లేదు" అన్నాను.

వరండాలో నడిపించాను. అటు ఏడడుగులు, ఇటు ఏడడుగులు. నాలుగోసారి తిరిగేసరికి, "దిగేవాళ్ళుంటే దిగండమ్మా," అని గోడకి ఆనుకునేవారు. తొమ్మిదో గేటావిడని పిలిచి కూర్చోబెడితే ఆవిడ మాట్లాడింది, ఈయన విన్నారు. కాళ్ళు సన్నబడుతున్నాయి. ఆయన తగ్గిపోవడం నాకు రోజూ కనిపిస్తోంది. ఏ గడిలో తప్పు చేశానో తెలియక నోట్‌బుక్ మళ్ళీ మళ్ళీ తిరగేసేదాన్ని.

ఒక పొద్దున ఓర్పు పోయింది.

"ఈ వీధి మీకు నచ్చిందనే కదా తీసుకున్నాం! ఆ రోజు ప్రతి గేటు దగ్గరా మీ చుట్టాలే. ఇప్పుడు గుమ్మం దాటరేం? నేనేం చెయ్యాలో చెప్పండి. నోరు తెరిచి చెప్పండి ఒక్కసారైనా!"

పెళ్ళయ్యాక ఆయన మీద నేను గొంతు పెంచింది అదే మొదలు. ఆయన నెమ్మదిగా, "చొక్కాలు వదులైపోయాయి. బిగింపిస్తావా?" అన్నారు.

నాలుగు చొక్కాలు సంచిలో వేసుకుని కిందికి వెళ్ళాను. కుట్టుషాపావిడతో అప్పటిదాకా నాకు ముఖపరిచయమే. నా వయసే ఉంటుంది. ఒంటరి మనిషి. చొక్కా పట్టుకుని చూసి, "అన్నయ్యగారివా? ఇంత వదులెందుకయ్యాయి వదినా? వండి పెట్టడం లేదా ఏంటి?" అంది. వెంటనే నా మొహం చూసి కుర్చీ లాగింది. "కూర్చో. ఎలా ఉన్నారు? కిందికి రావడమే మానేశారు. ఎలా వస్తార్లే, మూడు స్టేజీలాయె."

"ఏం స్టేజీలు?"

"నీకు చెప్పలేదూ? మొదటి రోజు మీరు ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు, నువ్వు తాళాలాయనతో ముందు వెళ్ళిపోయావు. అన్నయ్యగారు ఇక్కడే నిలబడి వీధి మొత్తం ఒకసారి కిందినుంచి పైకి చూశారు. చూసి, 'చెల్లెమ్మా, ఈ రూట్లో బాగా మాట్లాడేవాళ్ళు ఎవరెవరున్నారు?' అన్నారు. నాకు నవ్వొచ్చింది. మూడో గేటు మొక్కలావిడ ఉంది, ఆరోదాంట్లో సైకిళ్ళాయన, తొమ్మిదో గేటావిడైతే పట్టుకుంటే వదలదు అని చెప్పాను. 'సరిపోతుంది, మూడు స్టేజీలు. ఒక్కో స్టేజీలో ఐదేసి నిమిషాలు ఆపుకుంటే బండి పైకి చేరుతుంది' అన్నారు." ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ ఆగింది. "అప్పటికే రొప్పుతున్నారు. కుర్చీ వేస్తానంటే వద్దన్నారు. 'మా టీచరమ్మ వెనక్కి చూస్తుంది. నువ్వు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు, చాలు' అన్నారు. నీకు తెలుసనుకున్నా వదినా."

నాకు తెలియదని నేను అనలేదు. చొక్కాలు ఎప్పుడిస్తావని అడిగాను. ఎల్లుండి అంది.

పైకి వెళ్తూ మూడో గేటు, ఆరో గేటు, తొమ్మిదో గేటు దాటాను. ఇంట్లోకి వెళ్ళి చెప్పులు విడిచి, ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

"లైబ్రరీ వీధిలో ఎవరితోనూ మాట్లాడలేదేం?"

ఆయన నన్ను చూశారు. నాకు తెలిసిపోయిందని ఆయనకు అర్థమైపోయింది. కాసేపు కిటికీలోంచి చూసి, "అవసరం పడలేదు," అన్నారు. "ఊపిరి సరిపోయింది. ఎన్నాళ్ళకో నీ పక్కన నీతో సమంగా నడిచాను. మాట్లాడి అది పాడు చేసుకోవడం ఎందుకని."

"మరి చెప్పొచ్చుగా! నోట్‌బుక్ మీ ముందే పెట్టానుగా!"

"నీ మొహం నువ్వు చూసుకోలేదు. అన్ని వీధులు తిప్పావు. ఈ ఒక్కదాని దగ్గర నవ్వావు. ఇది కూడా వద్దంటే నువ్వు నడిరోడ్డు మీద కూలబడేట్టున్నావు." ఊపిరి తీసుకున్నారు. "అలవాటవుతుందనుకున్నా. గేరు మార్చి ఎక్కించేద్దామనుకున్నా."

నేను ఆ పూటే లైబ్రరీ వీధికి వెళ్ళాను. ఆ ఇంటి తలుపు తడి చేతులతో ఒకావిడ తీసింది. వాళ్ళు దిగి మూడు వారాలైందట.

"మాది ఎత్తు మీద ఇల్లండీ. రెండు గదులు ఎక్కువ. వెలుతురు, గాలి చాలా బాగుంటాయి. మీరు అక్కడికి మారితే, మేము ఇక్కడికి... సామాను నేనే మనుషుల్ని పెట్టి మార్పిస్తాను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆవిడ చేతులు పైటకి తుడుచుకుంది. "మా అత్తగారికి మోకాళ్ళు పనిచెయ్యవండీ. ఎత్తు ఎక్కలేరనే ఈ వీధి తీసుకున్నాం."

తల ఊపాను. ఆవిడ వేసింది సరైన లెక్క. ఎవరిని ఎక్కడ నడిపించాలో అడిగి తెలుసుకుని వేసిన లెక్క.

అయినా అక్కడితో ఆగలేదు. ఆ వీధిలో ప్రతి గేటూ కొట్టాను. ఒక గది అయినా చాలు, వెనక వైపైనా చాలు అన్నాను. ఒకాయన చందా కోసం వచ్చాననుకుని, "మొన్నే ఇచ్చామండీ," అన్నాడు. నలభై గేట్లు. ఎక్కడా ఖాళీ లేదు. తాళాలకి ఫోన్ చేశాను. "అమ్మగారూ, సీజన్ అయిపోయింది. చలికి ముందే బయటూళ్ళ వాళ్ళంతా అద్దెకు దిగిపోతారు. సమం వీధులు ముందే అయిపోతాయి," అన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు, "మీరే కదమ్మా వద్దన్నారు," అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఎక్కువ తగిలింది.

వారం రోజులు అలాగే తిరిగాను. పొద్దున ఆయనకి పాలూ మందులూ ఇచ్చి బయల్దేరి, మధ్యాహ్నానికి వచ్చి, మళ్ళీ వెళ్ళేదాన్ని. ఎనిమిదో రోజు చొక్కాల సంగతి గుర్తొచ్చి కుట్టుషాపు దగ్గర ఆగాను. బిగించి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఉంచింది. డబ్బులు తీయబోతుంటే, ఆవిడ మిషన్ ఆపింది.

"వదినా, ఊరంతా అడిగావట. నన్ను అడగలేదేం?"

"నీకు అద్దెకిచ్చే ఇల్లెక్కడుంది?"

"ఇల్లు లేదు. వెనక గది ఉంది. బట్టల మూటలు పెట్టుకుంటున్నా. మంచం పడుతుంది, పొయ్యి పడుతుంది. మీ బీరువాలూ సోఫాలూ పట్టవు. తలుపు తీస్తే నా షాపు, షాపు దాటితే మెయిన్ రోడ్డు. ఒక్క మెట్టు లేదు. మిషన్ చప్పుడొకటి భరించాలి." నా జవాబు కోసం చూడకుండా మళ్ళీ మిషన్ తొక్కుతూ, "అన్నయ్యగారికి వినేవాళ్ళ కొరత ఉండదు. నోరు కట్టేసుకుని కూర్చునే బాధ నాకు తప్పుతుంది," అంది.

ఆ గదిని నా నోట్‌బుక్‌లో పెడితే చప్పుడుకి సున్నా, వెలుతురుకి రెండు, దుమ్ముకి మూడు. నేను గళ్ళు గీయలేదు. పైకి వెళ్ళి, "కుట్టుషాపు వెనక గది ఉంది. వెళ్దామా? మీకు ఇష్టమేనా? ఈసారి 'నీ ఇష్టం' అనకండి," అన్నాను.

అలవాటు లేని మాట కదా, గొంతు దాటడానికి టైము పట్టింది.

"నాకు ఇష్టం," అన్నారు.

చలి మొదలైన వారంలో మారాం. ఇక్కడ చలంటే పొద్దున పూట ఒక స్వెట్టరు, అంతే. సైకిళ్ళాయన, తాళాలు కలిసి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దింపారు. "నిలబడ్డవాళ్ళు కమ్మీ పట్టుకోండి," అని ఆయన వీధంతా వినేట్టు అన్నారు. తొమ్మిదో గేటావిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

గదిలో మంచం వేశాక మిగిలింది రెండడుగుల దారి. మూడో రోజు సాయంత్రం ఆయన బిగించిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, షాపు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టాను.

"నువ్వు రావద్దు."

"ఒక్కరేనా? దారిలో..."

"నువ్వు రావద్దు టీచరమ్మా. ఒక్కణ్ణే వెళ్తా. ఆగాలనిపిస్తే ఆగుతా. నువ్వు చూడకూడదు."

ఆయన నన్ను ఏదైనా వద్దనడం అదే మొదటిసారి. వెళ్ళారు. కుట్టుషాపావిడ నా మోచెయ్యి పట్టుకుని, రోడ్డుకి వీపు పెట్టి కూర్చోబెట్టింది. ఎవరి జాకెట్టో ఒళ్ళో వేసి, "హుక్కులు కుట్టు వదినా. ఊరికే కూర్చుంటే మెడ తిరుగుతుంది," అంది. కుట్టాను. ఆరు హుక్కులు. రెండు వంకరగా వచ్చాయి. వెనకనుంచి బస్సులు వెళ్తున్న చప్పుడు, ఎవరో ఎవరినో పిలుస్తున్న చప్పుడు. తలెత్తకుండా దారం తెంపుతూ ఉన్నాను.

చాలాసేపటికి గుమ్మంలో నీడ పడింది. ఆయన వచ్చి మంచం మీద కూర్చుని, ఊపిరి సర్దుకునే దాకా నేను అటు తిరగలేదు.

"ఎంత దూరం వెళ్ళారు?"

"చెప్పను," అన్నారు. మొహం వెలిగిపోతోంది.

ఆ తర్వాత ఇరవై ఆరు రోజులున్నారు. ఆఖరి నాలుగు రోజులు తప్ప ప్రతి సాయంత్రం వెళ్ళారు. నేను ప్రతి సాయంత్రం రోడ్డుకి వీపు పెట్టి కూర్చుని హుక్కులు కుట్టాను. ఆ వీధి ఎత్తు ఆయన రోజుల్లోంచి ఎన్ని తగ్గించిందని డాక్టర్ని అడిగాను. అది చెప్పలేమమ్మా అన్నారు.

ఇప్పుడూ ఆ వెనక గదిలోనే ఉంటున్నాను. మెయిన్ రోడ్డు మీద ఆ వేళకి ఆయన్ని రోజూ చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. పేపర్ల కొట్టు ఆయన ఉన్నాడు, బస్‌స్టాప్‌లో వేరుశెనగలు అమ్మే ఆవిడ ఉంది, మలుపులో మందుల షాపు ఉంది. ఆయన ఎంత దూరం వెళ్ళేవారో, ఎన్నిచోట్ల ఆగేవారో వాళ్ళలో ఎవరినడిగినా చెబుతారు.

నేను అడగలేదు.